ప్రస్థానం పెట్టెలో పాస్‌పోర్టులు

కరోనా తర్వాత విమానాలు కుదుటపడి, వీసా అపాయింట్‌మెంట్లు మాత్రం ఇంకా కుదుటపడని ఏడాది అది. ఆ ఫిబ్రవరిలో, కలకత్తా భవానీపూర్‌లోని మా ట్రావెల్ ఆఫీసులో నా బల్ల మీదకి ఒక ఫైలు వచ్చింది. స్విట్జర్లాండ్, ఇద్దరు పెద్దవాళ్ళు, జూన్ మొదటి సగం, గ్రూపుతో కాకుండా విడిగా. అప్పటికి నేను సీనియర్ టూర్ ప్లానర్‌ని. రిటైర్‌మెంటు దగ్గర్లో ఉంది. మా ఆఫీసులో అంతస్తులు ఇలా ఉండేవి: అడుగున టికెట్లు తీసే గుమాస్తాలు, వాళ్ళ పైన కౌంటర్లో కూర్చుని కస్టమర్లని చూసి నవ్వేవాళ్ళు, వాళ్ళ పైన నవ్వాల్సిన అవసరం లేని ప్లానర్లు, అందరి పైన మేనేజరు ఘోష్ బాబు. ఆయన నవ్వగా నేను చూడలేదు.

ప్లానర్ పనేమిటో చెబుతాను. ఏ ఊళ్ళో దిగాలి, అక్కడ ఎన్ని రాత్రులు ఉండాలి, ఏ రైలు పట్టుకుంటే ఏ కొండ కింద సరిగ్గా భోజనం వేళకి దిగుతారు, వీసా కాగితాల్లో రాసిన ఊళ్ళూ హోటళ్ళూ ఒకదానికొకటి సరిపోతున్నాయా లేదా చూడటం. యూరప్ వీసాకి ఒక నియమం ఉంది. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో పడుకుంటారో ఆ దేశాన్నే వీసా అడగాలి. పగలు ఎక్కడ తిరిగినా వాళ్ళకి పట్టదు. కాబట్టి ప్లానర్ అంటే ప్రధానంగా ఇతరుల నిద్రని పంచేవాడు.

నేను ఆల్ప్స్ పర్వతాలు చూడలేదు. మా నాన్న శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి వాట్‌గంజ్‌లో డాక్ కూలీగా పనిచేశాడు. నా చదువు స్కూల్ ఫైనల్‌తో ఆగింది. మిగతాదంతా లైబ్రరీ రిఫరెన్స్ గదిలో పూర్తి చేశాను. అట్లాసులు, పాత రైల్వే టైంటేబుళ్ళు, కొండలెక్కినవాళ్ళు రాసుకున్న లావుపాటి పుస్తకాలు. ఏ రైల్లో ఎడమ పక్క కూర్చుంటే సరస్సు కనిపిస్తుందో, ఏ సొరంగం తర్వాత జనం మాట్లాడే భాష జర్మన్ నుంచి ఇటాలియన్‌కి మారుతుందో నాకు తెలుసు. "మీరు స్విట్జర్లాండ్ ఎన్నిసార్లు వెళ్ళారు, మూర్తిదా?" అని కస్టమర్లు అడిగితే, లెక్కపెట్టలేదు అనేవాణ్ణి. అందులో అబద్ధం లేదు.

మాకు వచ్చే స్విట్జర్లాండ్ కస్టమర్లు రెండు రకాలు. మొదటి రకం, సినిమా పాటలు చూసి వచ్చే కొత్త దంపతులు. మంచు మీద పల్చటి చీరలో నిలబడితే ఏమవుతుందో వాళ్ళకి నేను చెప్పను, అక్కడి గాలే చెబుతుంది. రెండో రకం, మే నెలలో కూడా చెవులు కప్పే కోతి టోపీ పెట్టుకుని ఆఫీసుకొచ్చి, అక్కడ చేపల పులుసు దొరుకుతుందా అని అడిగే పెద్దమనుషులు. సింహాచలం, నరసమ్మ ఈ రెండింటిలోనూ చేరలేదు.

సింహాచలం డాక్‌లో క్రేన్ ఆపరేటర్‌గా రిటైరయ్యాడు. నరసమ్మ కార్పొరేషన్‌లో పారిశుధ్య పని చేసి రిటైరయింది. ఇద్దరూ వాట్‌గంజ్‌లో మా పాత వీధివాళ్ళే. నాకు వాళ్ళు అన్నయ్య, వదిన వరస. సింహాచలం నా ఎదురు కుర్చీలో కూర్చుని ఫోన్ తీసి ఒక వీడియో చూపించాడు. రెండు కొండల మధ్య ఇనుప తాడు, దాని మీద ఒక పాత పెట్టెలాంటి బండి నెమ్మదిగా పాకుతోంది.

"కొండలు నాకక్కర్నేదు బాబూ," అన్నాడు. "నా పేరే కొండ. ఆ తాడు సూడాల. ఆ పెట్టెలో ఎక్కాల. అంతే."

నేను వెతికితే ఆ కేబుల్ కారు దొరికింది. చాలా పాతది. జూన్ నెలాఖరుకి ఆపేసి, విప్పేసి, కొత్తది కడతారని వాళ్ళ వెబ్‌సైట్‌లో పెట్టారు. కొత్తది గాజు పెట్టె, కంప్యూటర్ నడుపుతుంది. ఆ మాట చెబితే సింహాచలం మొహం చిట్లించుకున్నాడు. కంప్యూటర్ నడిపేది డాక్‌లో కూడా ఉంది, అది చూడ్డానికి విమానం ఎక్కక్కర్లేదు అన్నాడు. అంటే ఈ జూన్ లోపల వెళ్తే వెళ్ళినట్టు, లేకపోతే లేదు.

చివర్లో నరసమ్మ ఒకటే మాట చెప్పింది. మంచి గడియలో బయలుదేరితేనే తను వస్తుంది, తను రాకపోతే ఆయన వెళ్ళడు. సింహాచలం తల ఊపాడు. ఆ ఇంట్లో ఈ విషయం ఎప్పుడో తేలిపోయినట్టుంది.

కారణం ఆవిడే చెప్పింది. "ఈయన క్రేన్ ఎక్కిన పెతి పొద్దూ నాను గడియ సూసే గడప దాటించినాను. ఒక్క దినం పుట్టింటికాడ ఉండిపోనాను, సూడనేదు. ఆ దినమే నిచ్చిన మీంచి జారి సెయ్యిరగ్గొట్టుకొచ్చినాడు. ఇప్పుడు నేల మీదకి దిగినాడు కదా అని ఊపిరి పీల్సుకుంతే, మల్లీ తాడుకి ఏలాడతానంతాడు."

"జారింది వానకి," అన్నాడు సింహాచలం.

"వాన మిగతా దినాలు కురవనేదేటి?"

ఇలాంటి వాదనల్లో ప్లానర్ దూరకూడదు. నేను కంప్యూటర్ వైపు చూశాను.

ప్లాన్ వేయడం మొదలుపెట్టాను. శుక్రవారం చవకగా టికెట్లున్నాయి అంటే నరసమ్మ వద్దంది, శుక్రవారం పడమటికి వెళ్ళకూడదు. నేను లైబ్రరీ చదువు కొంచెం వాడదామనుకున్నాను. భూమి గుండ్రం కాబట్టి కలకత్తా నుంచి జూరిక్‌కి దగ్గరి దారి పడమర కాదు, వాయవ్యం అని చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, "మరి వాయవ్యానికి ఏ వారం పనికిరాదు?" అని అడిగింది. ఆ పుస్తకం మా లైబ్రరీలో లేదు. ఒక ఊళ్ళో దిగి వేరే ఊళ్ళోంచి తిరుగు విమానం ఎక్కే టికెట్టుని మా వ్యాపారంలో ఓపెన్ జా అంటారు, అంటే నోరు తెరుచుకున్న టికెట్టు. తిరిగిన దారినే మళ్ళీ తిరగకుండా ఒక రోజు మిగులుతుంది. అది కూడా వివరించాను. "నోరు తెరుసుకున్నదొద్దు బాబూ, మూసుకున్నదియ్యి," అంది. మంగళవారాలు, అష్టములు కూడా కొట్టేశాక ఒక సోమవారం మిగిలింది. జూరిక్‌లో దిగి జూరిక్‌లోనే ఎక్కేలా రాశాను.

వీసా అపాయింట్‌మెంటు మాత్రం నా చేతిలో లేదు. వేలిముద్రలకి మనుషులు స్వయంగా వెళ్ళాలి, అసలు పాస్‌పోర్టులు అక్కడ ఇవ్వాలి. వేసవిలో ఆ అపాయింట్‌మెంట్లు పూరీలో రథయాత్ర గదుల్లాంటివి. రోజూ పొద్దున్నే వెబ్‌సైట్ ముందు కూర్చోగా మే మొదటి వారంలో ఒకటి దొరికింది. అది పోతే తర్వాతది జూలైలోనే ఉంది. పాస్‌పోర్టుల కాపీలు నా దగ్గరున్నాయి కాబట్టి ఫారాలు నింపేశాను. అపాయింట్‌మెంటు ముందురోజు ఉదయం ఫోన్ చేసి, రేపు అసలు పాస్‌పోర్టులు మర్చిపోకుండా తెచ్చుకోండి అన్నాను.

అవతల ఫోన్ చేతులు మారింది. తర్వాత సింహాచలం గొంతు వినిపించింది.

"అయ్యి ఎల్లిపోనాయి బాబూ."

"ఎక్కడికి?"

"సుట్జర్లాండుకి."

నేను గంగూలీ బాబు అనే గుమాస్తాకి నా ఫోన్లు అప్పజెప్పి, ఆటో పట్టుకుని వాట్‌గంజ్ వెళ్ళాను.

జరిగింది ఇది. ఖిదిర్‌పూర్‌లో ఒక పంతులుగారు ఉన్నారు. మా వాళ్ళ పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు ఆయనే చూస్తారు, ఈ మధ్య విమానాలు కూడా చూస్తున్నారు. ఏప్రిల్ ఆఖరు నుంచి శుక్ర మూఢం మొదలవుతుందని, అది జూన్ దాటేదాకా పోదని, అందులో కొత్త ప్రయాణం కట్టకూడదని ఆయన చెప్పారు. మూఢం అంటే శుక్రుడు సూర్యుడికి దగ్గరగా చేరి కనిపించకుండా పోయే రోజులు. నేను చదివిన ఖగోళశాస్త్రం పుస్తకం ప్రకారం శుక్రుడు అప్పుడు సూర్యుడికి అవతల పక్క తన దారిన తాను తిరుగుతూ ఉంటాడు. వాట్‌గంజ్‌లో ఏం జరుగుతోందో అతనికి తెలియదు. కానీ నరసమ్మకి నేను ఖగోళం చెప్పబోవడం లేదు.

మూఢానికి విరుగుడు ఉంది. ప్రస్థానం. మంచి ముహూర్తానికి మనిషి బయలుదేరలేకపోతే, ఆ ముహూర్తానికి సామాను బయలుదేరదీసి, వెళ్ళే దిక్కున ఉన్న వేరే ఇంట్లో పెడతారు. సామాను వెళ్ళింది కాబట్టి ప్రయాణం మొదలైనట్టే. తర్వాత మనిషి వీలైనప్పుడు వెళ్ళి దాన్ని కలుసుకుంటాడు. మామూలుగా ఇది కొద్ది రోజులకి సరిపోతుంది. పంతులుగారు విదేశం కాబట్టి గడువు పొడిగించారు. ఆయనా ఒక రకం వీసా ఆఫీసరే.

అలా మూఢం రాకముందే నరసమ్మ కొత్త సూట్‌కేసు సర్ది, తాళం వేసి, పసుపు గుడ్డతో చుట్టి ముడివేసి, పడమటి ఇంటికి పంపేసింది. మా ఆఫీసు ఇచ్చే సూచనల కాగితంలో మొదటి వాక్యం, పాస్‌పోర్టుని ఎప్పుడూ సామాను నుంచి వేరు చేయవద్దు అని. ఎవరిచేతో చదివించుకుని అక్షరాలా పాటించింది.

ఇక్కడ రెండు చిక్కులున్నాయి. ఒకటి, ప్రస్థానం పెట్టిన సామాను తిరిగి ఇంటికి తేకూడదు, మధ్యలో విప్పకూడదు. తెచ్చినా విప్పినా ప్రయాణం భంగం అయినట్టు. రెండు, వీధిలో వాళ్ళకి పడమటి వైపు ఉన్న ఒకే ఒక తెలుగు ఇల్లు పోలమ్మది. పోలమ్మ సింహాచలం అన్నగారి భార్య, అంటే నరసమ్మకి తోడికోడలు. కుళాయి దగ్గర బిందె వరస విషయంలో గొడవ వచ్చి ఇద్దరికీ చాలాకాలంగా మాటల్లేవు. పెట్టె అప్పజెప్పడానికి మాత్రం మాట్లాడుకున్నారు.

మేము ముగ్గురం పోలమ్మ ఇంటికి వెళ్ళాం. పెట్టె దేవుడి మూల పక్కన పీట మీద ఉంది. ఎవరో దానికి బొట్టు కూడా పెట్టారు. పోలమ్మ దాని పక్కనే మంచం వేసుకుని కూర్చుని ఉంది.

"ఇవ్వను," అంది, మేమేమీ అడగకముందే.

"పాస్‌పోర్టులు తీసుకుంటాం, పెద్దవదినా. అంతే," అన్నాను.

"నివ్వెవడివి తియ్యడానికి? ఇది పెట్టినప్పుడు ఇదిగో ఈవిడ నాకేటి సెప్పినాదో అడుగు. సెప్పవే నర్సీ."

నరసమ్మ నేల చూపులు చూసింది. "నానొచ్చి అడిగినా ఇవ్వొద్దన్నాను."

"కాళ్ళట్టుకున్నా ఇవ్వొద్దన్నాది. ఇన్నాళ్ళకి నా ఇంటికొచ్చి నోరిప్పి అడిగిన మాట. నాను తప్పుతానా?"

"ఒదినా, రేపు కాయితాలియ్యకపోతే తాడు ఇప్పీస్తారు," అన్నాడు సింహాచలం.

"తాడు తరవాత. ముందు నీ పెళ్ళానికి నచ్చజెప్పు మరిదీ. అది ఆ మాట ఎనక్కి తీసుకుంతే నాను పెట్టె ఇచ్చీస్తాను."

అందరం నరసమ్మ వైపు చూశాం. ఆవిడ పైట చెంగు వేలికి చుట్టుకుంటూ, ఇప్పుడు విప్పితే తను విమానం ఎక్కనంది. గొంతు పెంచలేదు. అందుకే అది బెదిరింపు కాదని నాకు అర్థమైంది. సింహాచలం గుమ్మంలో కూలబడ్డాడు. మూడు నెలలుగా ఆ వీడియో చూస్తూ కూర్చున్న మనిషి. ఇప్పుడు ఫోన్ తీసి దాన్ని చూడను కూడా చూడలేదు.

నేను ఘోష్ బాబుకి ఫోన్ చేసి సంగతి చెప్పాను. కేన్సిల్ చేసి ఇంకో కస్టమర్‌ని చూసుకో అన్నారు. ఇది మేనేజర్లు ఏ సమస్యకైనా చెప్పే జవాబే. అయితే ఫోన్ పెట్టేసే ముందు ఆయన అలవాటు ప్రకారం, టికెట్ ఏమైనా వాడారా, వాడకపోతే రద్దు తేలిక, మొదటి సెక్టార్ ఎక్కేస్తే కష్టం అన్నారు.

విమాన టికెట్టులో ఒక్కో ముక్కని సెక్టార్ అంటాం. కలకత్తా నుంచి దోహా ఒకటి, దోహా నుంచి జూరిక్ ఇంకొకటి. మొదటి సెక్టార్ ఎక్కకపోతే మిగతావన్నీ వాటంతట అవే రద్దవుతాయి. ఎక్కేస్తే ప్రయాణం మొదలైనట్టే. ఆ తర్వాత టికెట్టులో రాసి ఉంటే దారిలో ఎక్కడ ఆగినా, తూర్పుకి వెళ్ళి పడమటికి తిరిగినా ఎవరూ అడ్డుచెప్పరు. ముప్పై ఏళ్ళకు పైగా ఈ నియమం కస్టమర్లకి చెబుతున్నాను. వాళ్ళలో ఎవరి బుర్రకీ ఒక్కసారికి ఎక్కలేదు. ఈ ఇంట్లో వాళ్ళకి పుట్టుకతోనే తెలుసు.

"వదినా," అన్నాను. "మీ పెట్టె వెనక్కి రాకూడదు. ముందుకి వెళ్తే తప్పా?"

నరసమ్మ ఆలోచించింది. "ముందుకెల్తే తప్పేటి? ఎల్లడానికే కదా పెట్టింది."

"అయితే అది వీసా ఆఫీసుకి వెళ్తుంది. స్విట్జర్లాండ్ దారిలో తర్వాతి మజిలీ అదే. అది దాటకుండా ఎవరూ వెళ్ళలేరు."

"మరి ఇప్పడం?"

గుమ్మంలోంచి సింహాచలం అందుకున్నాడు. "డాక్‌లో సీలేసిన సరుకు ఎవుడూ ఇప్పకూడదు. కస్టమ్సోడు మాత్రం ఇప్పొచ్చు. ఇప్పి సూసి మల్లీ సీలేస్తాడు. దానికి సరుకు పయానం ఆగిపోనాదని ఎవుడూ అనడు."

"అక్కడ ఆపీసరుంతాడా?" నరసమ్మ నన్ను అడిగింది.

"యూనిఫాంలో ఉంటాడు," అన్నాను. అక్కడ గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి యూనిఫాంలోనే ఉంటాడు.

ఇంక అయిపోయిందనుకున్నాను. పోలమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. ఊళ్ళోకి వెళ్ళాలంటే కారు మళ్ళీ నరసమ్మ గుమ్మం ముందు నుంచే పోవాలి కదా, గుమ్మం ముందుకి తెస్తే వెనక్కి తెచ్చినట్టే అంది. అన్నిటికీ మించి, పెట్టె తన పూచీ కాబట్టి తనూ వస్తానంది. నరసమ్మ కాదనలేదు. కాదనాలంటే మాట్లాడాలి.

మర్నాడు ఉదయం నేను గీసిన దారి నా ఉద్యోగంలో గీసిన దారులన్నిటికంటే వంకరది. టాక్సీ పోలమ్మ ఇంటి పడమటి వైపు నుంచి వచ్చి పెట్టెని ఎక్కించుకుంది. నది పక్కగా వెళ్ళి, కొత్త వంతెన మీదుగా గంగ దాటి హౌరాలో దిగింది. అక్కణ్ణించి పాత వంతెన మీదుగా మళ్ళీ గంగ దాటి నగరం నడిబొడ్డుకి చేరింది. తిన్నగా వెళ్తే కాసేపట్లో చేరే చోటికి ఊరంతా చుట్టి వెళ్ళాం. బిహారీ డ్రైవరు మొదటి వంతెన మీద ఎక్కడికి దాదా అని అడిగాడు. రెండో వంతెన మీద అడగలేదు, అద్దంలోంచి మమ్మల్ని చూస్తూ ఉన్నాడు.

సింహాచలం, నేను డ్రైవరు పక్కన ఇరుక్కున్నాం. వెనక సీట్లో తోడికోడళ్ళిద్దరి మధ్యలో పెట్టె కూర్చుంది. హౌరా దగ్గర పోలమ్మ కిటికీలోంచి నీళ్ళకి దణ్ణం పెట్టుకుని ఎవరితోనూ కాకుండా అన్నట్టు, "గంగ దాటినాది. ఇంక ఎవుడొచ్చినా ఎనక్కి తేలేడు," అంది.

"రెండుసార్లు దాటినాది అక్కా," అంది నరసమ్మ.

"రెండుసార్లు దాటితే మరీ మంచిది."

నాకు తెలిసి కుళాయి గొడవ తర్వాత వాళ్ళు పెట్టె గురించి కాకుండా మాట్లాడుకున్నది అదే మొదలు. అదీ పెట్టె గురించే అనుకోండి.

వీసా కేంద్రం గేటు దగ్గర సెక్యూరిటీ అతను పెట్టెని లోపలికి రానివ్వనన్నాడు. పెద్ద సామాను లోపలికి తేకూడదని వాళ్ళ నియమం. నాకు తెలుసు, నేను కోరుకున్నది అదే. పోలమ్మ ముందుకెళ్ళి, బెంగాలీ హిందీ తెలుగు కలిపిన వాట్‌గంజ్ భాషలో, నువ్వు కస్టమ్సోడివా అని అడిగింది. అతను ఎండలో నిలబడి విసిగిపోయిన మనిషి. మీరేదంటే అదే మాషీ అని పిన్ని వరస కలిపి, త్వరగా కానివ్వండి అన్నాడు. సింహాచలం అతనికి సెల్యూట్ చేసి, సీలు మీరే విప్పాలన్నాడు. అతను పసుపు ముడి విప్పాడు. నరసమ్మ తాళం తీసింది.

పేవ్‌మెంట్ మీద పెట్టె తెరుచుకుంది. ఎండు రొయ్యల వాసన వీధి మలుపు దాకా వెళ్ళి ఉంటుంది. లోపల స్వెట్టర్లు, చింతపండు, ఆవకాయ, ఎండు రొయ్యల పొట్లాలు. అడుగున స్టీలు డబ్బాలో పసుపు బియ్యం, బియ్యం మధ్యలో రెండు పాస్‌పోర్టులు. వరుసలో నిలబడిన సూటూబూటూ వాళ్ళు రెండడుగులు పక్కకి జరిగారు. మాకు వరుస కలిసొచ్చింది.

పాస్‌పోర్టులు తీశాక అతని చేతే మళ్ళీ ముడి వేయించి, పెట్టెని బయట పోలమ్మ కాపలాలో వదిలారు. లోపల కౌంటర్లో కూర్చున్న అమ్మాయి వాటిని చేతిలోకి తీసుకుని ఆగింది. నీలం అట్టలు ఆకుపచ్చగా మారాయి, అంచులు పసుపు. పాస్‌పోర్టు పాడైందని అనుమానం వస్తే వాళ్ళు తీసుకోరు. అప్పుడు కొత్త పాస్‌పోర్టు, కొత్త అపాయింట్‌మెంటు, అంటే జూలై. సింహాచలం రెండు చేతులూ కౌంటరు అంచు మీద పెట్టి నిలబడ్డాడు, క్రేన్ మీటలు పట్టుకున్నట్టు. ఆ అమ్మాయి ఒక్కో పేజీ తిప్పి వెలుతురులో చూసింది. లోపలి పేజీలు తెల్లగానే ఉన్నాయి. వేలు వాసన చూసుకుని, ఇదేంటని బెంగాలీలో అడిగింది.

"హలుద్," అంది నరసమ్మ. బెంగాలీలో పసుపు. తర్వాత ఆ అమ్మాయి మొహం చూసి, ఇంకొంచెం వివరించాలనుకుందేమో, "పెళ్ళికి రాస్తారు కదా, అలాగ. దీనికి రాసినాము," అంది.

ఆ అమ్మాయి నవ్వి, తడి కాగితంతో అట్టలు తుడిచి, ముద్ర వేసింది.

పెట్టె ఇప్పుడు ఇంటికి వెళ్ళకూడదు, పోలమ్మ ఇంటికీ వెళ్ళకూడదు, అది కూడా వెనకే. కాబట్టి భవానీపూర్ వచ్చి నా బల్ల కింద బస చేసింది. మొదటి రోజు ఘోష్ బాబు తన గదిలోంచి బయటికొచ్చి గాలి పీల్చారు. నేను సంజాయిషీ సిద్ధం చేసుకున్నాను. ఆయన వంగి పెట్టెని చూసి, "శుట్కి?" అన్నారు మెల్లగా. ఆయన పెద్దలు తూర్పు బెంగాల్ నుంచి వచ్చినవాళ్ళు. ఎండు చేపల్ని అక్కడ అలా పిలుస్తారు. ఆయన భార్య తరఫువాళ్ళు మాత్రం దాన్ని గుమ్మం తొక్కనివ్వరు. అప్పట్నించి మధ్యాహ్నం భోజనం తర్వాత ఆయన నా బల్ల దగ్గరికి వచ్చి, ఏదో ఒక ఫైలు గురించి అడుగుతూ కాసేపు నిలబడేవారు. కేన్సిల్ అనే మాట మళ్ళీ ఎత్తలేదు.

వీసాలు వచ్చాయి. బయలుదేరే రోజున పెట్టె మా ఆఫీసు నుంచి విమానాశ్రయానికి వెళ్ళింది. వాళ్ళిద్దరూ ఇంటి నుంచి చేతులూపుకుంటూ వచ్చి దాన్ని కలుసుకున్నారు. పోలమ్మ కూడా వచ్చింది. అప్పగింత పూర్తయిందని నా చేత చెప్పించుకుని గాని కదల్లేదు.

తిరిగొచ్చాక ఇద్దరూ ఆఫీసుకి వచ్చారు. కేబుల్ కారు ఎలా ఉందని సింహాచలాన్ని అడిగాను. తాడు మంచిదని, గ్రీజు బాగా పెట్టారని, అంతకంటే చెప్పడానికేం లేదని అన్నాడు.

"ఏం లేకపోవడమేటి?" అంది నరసమ్మ. "ఎక్కిన కాణ్ణించి దిగిందాకా కళ్ళు మూసుకున్నాడు. నా సెయ్యి వొదల్నేదు. పై కొండ, కింద లోయ, ఆవులు, మబ్బులు అన్నీ నానే సూసి సెప్పినాను."

సింహాచలం నా బల్ల కింద, పెట్టె బస చేసిన చోటు వైపు చూశాడు. "ఎవుడో తోలుతున్నాడు బాబూ," అన్నాడు. "ఇన్నేళ్ళు సరుకుని ఎత్తినాను. సరుకునై ఎక్కడం అదే మొదలు."

ఆ కేబుల్ కారు నెలాఖరుకి ఆగిపోయింది. తర్వాతి ఏడాది నేనూ రిటైరయ్యాను.

ఈ ఫైలు వల్ల నా పనిలో ఒక మార్పు వచ్చింది. ప్రయాణం తేదీ టికెట్టు మీద ఉంటుందని ప్లానర్లు అనుకుంటారు. అది విమానం తేదీ. కస్టమరు ఎప్పుడు బయలుదేరాడన్నది వేరే సంగతి, అది ఏ ఫారంలోనూ ఉండదు, అడిగితేనే తెలుస్తుంది. ఆ తర్వాత నేను ప్లాన్ వేసిన ప్రతి ఒక్కరినీ, వాళ్ళు ఏ భాషవాళ్ళయినా, వీసా తేదీ ఖాయం చేసే ముందు ఒక ప్రశ్న అడిగేవాణ్ణి: మీ సామాను ఇప్పుడు ఎవరింట్లో ఉంది? ఎక్కువమంది నన్ను వింతగా చూసేవారు. కొద్దిమంది మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుని, మీకెలా తెలిసిందని అడిగేవారు.